వింటున్నామా? పంచుతున్నామా?



మన విచారణలలో ఈ మధ్య తరచుగా కనబడే ఒక దృశ్యాన్ని మీ ముందు ఉంచుతాను. తపస్సుకాలపు ధ్యానకూటం జరుగుతోంది. బోధకులు లూకా సువిశేషం 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని వివరిస్తున్నారు. ఆస్తి అంతా పోగొట్టుకుని, పందుల దగ్గర కూర్చున్న ఆ చిన్న కుమారునికి బుద్ధి వచ్చిన ఘట్టం అది. మూడో వరుసలో ఉన్న ఒక యువకునికి అక్కడ ఒక మాట బాగా నచ్చింది. వెంటనే జేబులోనుంచి సెల్‌ఫోను తీశాడు. ఆ మాట టైపు చేసి, కింద బోధకుల పేరు రాసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. నిమిషం తిరగకుండానే ఎవరో చూసి దణ్ణం బొమ్మ పంపించారు. ఇంకెవరో 'ఎక్కడ బ్రదర్?' అని అడిగారు. ఇతను ఊరి పేరు రాశాడు. తల ఎత్తి చూసేసరికి బోధకులు పెద్ద కుమారుని అలక దగ్గరకు వచ్చేశారు. తండ్రి దూరం నుంచే కొడుకును చూసి, పరుగెత్తుకు వెళ్ళి, మెడపై పడి ముద్దు పెట్టుకున్న ఘట్టం అయిపోయింది. ఆ యువకుడు దానిని వినలేదు.

ఇతను చెడ్డవాడా? కాదు. సినిమా బొమ్మలు చూశాడా? అదీ కాదు. నాలుగు మంచి మాటలు నలుగురికీ చేరాలనే అనుకున్నాడు. తన వంతు వేదప్రచారం చేశాననే సంతోషం కూడా అతనికి ఉండి ఉంటుంది. కానీ ఉపమానంలో తనకు అన్నిటికంటే అవసరమైన భాగం అతని చెవిన పడలేదు. కొడుకు పశ్చాత్తాపాన్ని లోకానికి పంచాడు. తండ్రి కౌగిలిని పోగొట్టుకున్నాడు.

ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే. ఎదుట ఒకరు మాట్లాడుతూ ఉండగా, ఆ మాటలను గురించే అయినా సరే, సామాజిక మాధ్యమాలలో రాస్తూ ఉండటం మన వినికిడికి అడ్డు వస్తుందా, రాదా? 'వస్తుంది, ఫోన్లు బయట పారేయండి' అని ఒక్క మాటలో తేల్చడం సులభం. 'కాలం మారింది, యువతను ఏమీ అనకండి' అనడం ఇంకా సులభం. ఈ రెండూ కాకుండా కొంచెం నిదానంగా చూద్దాం.

వినడం అంటే ఏమిటి?

మన విశ్వాసం వినికిడితో మొదలైంది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో ఇశ్రాయేలు ప్రజలకు ఇచ్చిన మూలాజ్ఞ 'విను' అనే పిలుపుతోనే మొదలవుతుంది. బాలుడైన సమూయేలు దేవాలయంలో పడుకుని ఉండగా, తనను పిలుస్తున్నది ఎవరో మూడుసార్లు గ్రహించలేకపోయాడు. పిలుపు వచ్చినప్పుడు ఏమని బదులివ్వాలో ముసలి యాజకుడైన ఏలీ నేర్పాడు: నేను వింటున్నాను, నీవు పలుకు అని (1 సమూ. 3). విశ్వాసం వినుట వలన కలుగుతుందని పునీత పౌలుగారు రోమీయులకు రాశారు (10:17). వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికి నిదానించాలి అని పునీత యాకోబుగారు హెచ్చరించారు (1:19).

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన ప్రభువు విత్తువాని ఉపమానం చెప్పి ముగించిన తర్వాత, ఏమి వింటున్నారో కాక, ఎలా వింటున్నారో చూసుకోండి అని బోధించినట్లు లూకాగారు రాశారు (8:18). విత్తనం అన్ని నేలల మీదా ఒకటే. తేడా అంతా నేలలోనే ఉంది. ముళ్ళ పొదలలో పడిన విత్తనం చచ్చిన విత్తనం కాదు, అదీ మొలిచింది. అయితే దానితో పాటు ఇంకొకటి కూడా పెరిగి దానిని అణచివేసింది. మనసు రెండుగా చీలిన వినికిడికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

ఇది పాత జబ్బే

'ఈ ఫోన్లు వచ్చాకే ఇలా తయారయ్యారు' అని పెద్దలు అంటూ ఉంటారు. పూర్తిగా నిజం కాదు. 4వ శతాబ్దం చివరిలో అంతియోకియ నగరంలో పునీత జాన్ క్రిసోస్తంగారు గురువుగా ఉండి ఆదికాండము మీద ప్రసంగాలు చేసేవారు. ఆయన నోటి చలువ వల్లనే ఆయనకు 'బంగారు నోటివాడు' అనే అర్థం వచ్చే పేరు నిలిచింది. అంతటి వక్త ప్రసంగిస్తుండగా ఒక సాయంత్రం ఏమి జరిగిందో తెలుసా? చీకటి పడుతోందని ఒక సేవకుడు దేవాలయంలో దీపాలు వెలిగించసాగాడు. జనమంతా ప్రసంగం వదిలేసి ఆ దీపాల వైపు తలలు తిప్పారు. ఆయన ప్రసంగం ఆపి వారిని మందలించారు. నేను కూడా ఇక్కడ ఒక దీపం వెలిగిస్తున్నాను, అది దైవవాక్కు దీపం, దానిని చూడకుండా ఆ దీపాలను చూస్తారేమిటి అనే భావంతో అడిగారు.

కాబట్టి తల తిప్పడం మనిషికి మొదటి నుంచీ ఉన్న గుణమే. తేడా ఒకటే. అంతియోకియలో దీపాలు వెలిగించేవాడు ఒక్కడు, కాసేపటికి వెళ్ళిపోయాడు. ఇవాళ ఒక్కొక్కరి జేబులోనూ ఒక దీపం ఉంది. అది క్షణానికొకసారి తనంతట తానే వెలుగుతుంది.

రాసుకోవడం తప్పు అని కూడా అనలేము. హిప్పో నగర పీఠాధిపతులైన పునీత అగుస్తీనుగారి ప్రసంగాలు ఈ రోజుకీ 500కు పైగా మనకు మిగిలి ఉన్నాయంటే, ఆయన మాట్లాడుతుండగానే పొట్టి లిపిలో వేగంగా రాసుకున్న లేఖకుల పుణ్యమే. వారి వేళ్ళు ఆడకపోతే మనకు ఆ నిధి దక్కేది కాదు. కానీ వారు ఆ పనికి నేర్పరులు, దానికే నియమింపబడినవారు. గుడిలో ఉన్నవారందరూ కలం పట్టుకుని కూర్చోలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

పరీక్షలు ఏమి చెబుతున్నాయి?

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని చాలా కాలంగా పరీక్షిస్తున్నారు. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ఒక చెవిలో ఒక మాట, రెండో చెవిలో వేరొక మాట వినిపించి, ఒక చెవిలో విన్నదానిని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో స్త్రీ గొంతో పురుషుని గొంతో చెప్పగలిగారు గాని, అందులో ఏమి చెప్పారో వారికి తెలియలేదు. మధ్యలో భాష ఇంగ్లీషు నుంచి జర్మనుకు మారినా పసిగట్టలేదు. శబ్దం చెవిలో పడటం వేరు, మాట మనసులోకి దిగడం వేరు అని దీనివల్ల తెలుస్తోంది.

కెనడాలో 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో విద్యార్థులకు ఒక పాఠం చెప్పి, కొందరిని మధ్యమధ్యలో కంప్యూటరులో వేరే పనులు చేయమన్నారు. తర్వాత పెట్టిన పరీక్షలో వీరి మార్కులు మిగతావారికంటే 11 శాతం తగ్గాయి. ఆశ్చర్యం ఏమిటంటే, తాము ఏ వేరే పనీ చేయకుండా శ్రద్ధగా కూర్చుని, అలా చేస్తున్నవారి తెరలు కంటపడే చోట ఉన్న విద్యార్థుల మార్కులు 17 శాతం తగ్గాయి! 'నా ఫోను, నా ఇష్టం, ఎవరికి నష్టం?' అనేవారు ఈ లెక్క చూడాలి. మీ వెనుక వరుసలో కూర్చున్న అవ్వకు, మీ పక్కనున్న పిల్లవానికి మీ తెర వెలుగు అడ్డం వస్తోంది. ఇది ఇక కేవలం సొంత అలవాటు కాదు, పొరుగువారి పట్ల ప్రేమకు సంబంధించిన విషయం.

2015లో అమెరికాలో మరో పరిశోధన వెలువడింది. ఫోను మోగినా, వణికినా, దానిని ముట్టుకోకుండా ఊరుకున్నవారి ధ్యాస కూడా చెదిరిందని అందులో తేలింది. 'ఎవరై ఉంటారు?' అనే ఒక్క ఆలోచన చాలు. కనుక మ్రోత తీసేసి వణుకు ఉంచుకోవడం సగం మందే.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే న్యాయం కాదు. అదే 2015లో అమెరికా పరిశోధకులు ఇంకొక పరీక్ష ప్రచురించారు. పాఠం జరుగుతుండగా పాఠానికి సంబంధం లేని సందేశాలు రాసుకున్న విద్యార్థులు బాగా వెనుకబడ్డారు. కానీ పాఠం గురించే సందేశాలు రాసినవారు, ఫోను ముట్టనివారికి దరిదాపుగానే నిలిచారు. అంటే చేతిలో ఏముంది అన్నదానికంటే, మనసు ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. విన్నదాని గురించే రాస్తే మనసు గదిలోనే ఉంటుంది. మన కథలోని యువకుడు మొదటి వాక్యం టైపు చేసేవరకు గదిలోనే ఉన్నాడు. 'ఎక్కడ బ్రదర్?' అన్న ప్రశ్నకు బదులిచ్చినప్పుడు బయటికి వెళ్ళిపోయాడు. సామాజిక మాధ్యమంలో చిక్కు ఇదే. నోటు పుస్తకంలో రాసుకుంటే పుస్తకం మనల్ని తిరిగి పలకరించదు. ఫోను పలకరిస్తుంది.

ఫోటోల సంగతి కూడా చూద్దాం. అమెరికాలో యేసుసభ వారి ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే ఆచార్యులు విద్యార్థులను ఒక మ్యూజియం చుట్టూ తిప్పి, కొన్ని వస్తువులకు ఫోటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని చెప్పారు. మరునాడు అడిగితే, ఫోటో తీసిన వస్తువులకంటే కళ్ళతో చూసినవే వారికి ఎక్కువ జ్ఞాపకం ఉన్నాయి. 2014లో అచ్చయిన ఈ పరిశోధన మనకు చెప్పే పాఠం సులభం. 'ఫోను చూసుకుంటుందిలే' అనుకున్న క్షణాన మనసు తన పని మానేస్తుంది. అదే పరీక్షలో, వస్తువులో ఏదో ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా ఫోటో తీసినవారికి ఈ నష్టం కనబడలేదు. ఎంచుకోవడానికి మనసు పెట్టాలి కదా! అందుకే ప్రసంగం మొత్తం రికార్డు చేసి ఎప్పుడూ వినకుండా ఉంచుకునేవానికంటే, ఒక్క మాట ఎంచుకుని కాగితం మీద రాసుకునేవాడే లాభపడతాడు.

ఊ కొట్టడం

మన తెలుగు ఇళ్ళలో కథ చెప్పేటప్పుడు వినేవాళ్ళు 'ఊ' కొట్టాలి. ఊ కొట్టకపోతే నాయనమ్మ కథ ఆపేస్తుంది. బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా నిలబడ్డ వంతలు పాటకు వంత పాడతారు, మధ్యలో ప్రశ్నలు వేస్తారు. దానివల్ల కథ చెడిపోదు, కథకునికి ఊపు వస్తుంది. కాబట్టి వినేవారు నోరు మూసుకుని బొమ్మల్లా కూర్చోవాలని మన సంప్రదాయం ఏనాడూ చెప్పలేదు. దివ్యబలిపూజలో కూడా మనం ఊరికే చూసేవాళ్ళం కాము. పఠనం ముగిశాక జవాబు చెబుతాం, కీర్తనకు పల్లవి అందుకుంటాం, ఆమెన్ అంటాం.

మరి ప్రసంగం నడుస్తుండగా పోస్టు పెట్టడం కూడా ఈ కాలపు ఊ కొట్టడమే కదా అని ఒక యువకుడు అడగవచ్చు. మంచి ప్రశ్న. జవాబు ఇది: ఊ అనేది కథ చెప్పేవారికి అందుతుంది. నాయనమ్మ ముఖం చూస్తూ అంటాం. ఆమె ఆ ఊ విని, పిల్లవాడు భయపడ్డాడా, నిద్రపోతున్నాడా అని తెలుసుకుని కథను సర్దుతుంది. పోస్టు అక్కడ లేనివారికి వెళుతుంది. ఎదుట ఉన్న బోధకులకు కనబడేది మన ముఖం కాదు, మన నడినెత్తి. ప్రసంగించే గురువులను అడిగి చూడండి. వంద తలలు వంగి ఉన్నచోట మాట్లాడటం ఎంత కష్టమో చెబుతారు. వంగిన తల ప్రార్థిస్తోందో, లైకులు లెక్కపెడుతోందో వారికి ఎలా తెలుస్తుంది?

సగం మాట చేసే కీడు

ఇంకొక అపాయం ఉంది. మంచి బోధకులు తరచుగా ముందు ఎదుటివారి వాదన చెప్పి, తర్వాత దానికి జవాబు ఇస్తారు. 'పాపసంకీర్తనం ఎందుకు, దేవునికి నేరుగా చెప్పుకుంటే చాలదా అని కొందరు అంటారు' అని గురువు మొదలుపెడతారు. ఆ వాక్యం పూర్తికాకముందే ఎవరో దానిని గురువు పేరుతో పంపించేస్తారు. జవాబు వచ్చేసరికి పంపినవారు ఇంకో సందేశంలో ఉంటారు. ఆ సాయంత్రానికి పక్క ఊరిలో 'మీ గురువు పాపసంకీర్తనం అక్కరలేదన్నారట' అనే మాట పుడుతుంది. సగం విన్నవాడు సగమే పంచగలడు. మొత్తం విన్నాక రాయడం బోధకుల పట్ల మనం చూపవలసిన న్యాయం.

2023 అక్టోబరులో రోము నగరంలో జరిగిన సినడు సమావేశం ఇందుకు మంచి ఉదాహరణ. ప్రారంభదినమైన అక్టోబరు 4న పోపు ఫ్రాన్సిస్‌గారు సభ్యులను బహిరంగంగా మాట్లాడే విషయంలో ఒక విధమైన ఉపవాసం పాటించమని కోరారు. లోపల విన్నదానిని అప్పటికప్పుడు బయట చాటవద్దని దాని సారాంశం. సభ్యులు గుండ్రని బల్లల చుట్టూ కూర్చున్నారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు విన్నారు. మధ్యమధ్యలో మౌనం పాటించారు. తర్వాత తాము చెప్పాలనుకున్నది కాక, ఇతరుల మాటలలో తమను తాకినది పంచుకున్నారు. పీఠాధిపతులకే ఇటువంటి క్రమశిక్షణ అవసరమైతే, మనకు అక్కరలేదా?

తిరుసభ ఈ మాధ్యమాలను కాదనలేదు

ఈ వ్యాసం చదివి ఎవరూ 'శ్రీసభ ఫోన్లకు వ్యతిరేకం' అనుకోవద్దు. ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రసార సాధనాల మీద ప్రత్యేకంగా ఒక పత్రం వెలువరించింది. 1967 నుంచి ఏటా ప్రపంచ ప్రసార సాధనాల దినం జరుపుకుంటున్నాం. పోపు 16వ బెనెడిక్టుగారు 2012 డిసెంబరు 12న ట్విట్టరులో తొలి సందేశం పంపారు. అదే 2012లో ప్రసార సాధనాల దినానికి ఆయన ఎంచుకున్న అంశం మాత్రం మౌనము, వాక్కు! ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావని, మౌనం లేని మాటకు లోతు ఉండదని ఆయన బోధ. పోపు ఫ్రాన్సిస్‌గారు 2022లో అదే దినానికి హృదయపు చెవితో వినడం అనే అంశాన్ని ఇచ్చారు. కంప్యూటరు ద్వారా దివ్యసత్ప్రసాద అద్భుతాలను ప్రచారం చేసిన బాలుడు కార్లో అకుటిస్‌ను 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియోగారు పునీతునిగా ప్రకటించారు. ఆ బాలుడు కంప్యూటరు ముందు కూర్చున్నంత ఇష్టంగా దివ్యసత్ప్రసాదం ముందు కూడా కూర్చున్నాడు. ప్రతిరోజూ పూజకు వెళ్ళేవాడు. ముందు స్వీకరించాడు, తర్వాత పంచాడు.

2020లో కరోనా రోజులలో గుడి తలుపులు మూసినప్పుడు, ఇంట్లో మంచం పట్టిన మన పెద్దలకు దివ్యపూజ చేరింది ఈ ఫోను ద్వారానే. ఇప్పటికీ గుణదల మాత మహోత్సవాలకు రాలేని రోగులు, గల్ఫు దేశాలలో పనిచేస్తున్న మన తల్లులు, చెల్లెళ్ళు ఫిబ్రవరి నెలలో కన్నీళ్ళతో ఆ ప్రత్యక్ష ప్రసారం చూస్తారు. వారికి ఆ సేవ చేసేవారిని మనం మెచ్చుకోవాలి. సరిగా వినపడనివారు కొందరు ఫోను తెర మీద అక్షరాలు చదువుకుంటూ ప్రసంగాన్ని అనుసరిస్తారు. వారి చేతిలో ఫోను చూసి కళ్ళెర్ర చేయకండి. వారు మనందరికంటే శ్రద్ధగా వింటున్నవారు.

దివ్యబలిపూజ సంగతి వేరు

ఒక సదస్సులో ప్రసంగానికి, దివ్యబలిపూజలో ప్రసంగానికి తేడా ఉంది. దేవాలయంలో పరిశుద్ధ గ్రంథం చదివినప్పుడు క్రీస్తే మాట్లాడుతున్నారని ద్వితీయ వాటికన్ మహాసభ దైవార్చన పత్రంలో (7వ అంశం) బోధించింది. అది సమాచారం కాదు, కలయిక. 2017 నవంబరు 8న పోపు ఫ్రాన్సిస్‌గారు ప్రజలతో మాట్లాడుతూ, పూజలో గురువు హృదయాలను పైకెత్తమంటారే గాని, ఫోటో తీయడానికి సెల్‌ఫోన్లను ఎత్తమనరని గుర్తుచేశారు. విశ్వాసులే కాదు, కొందరు గురువులు, పీఠాధిపతులు కూడా ఫోన్లు ఎత్తడం చూసి బాధ కలుగుతోందని చెప్పారు.

3వ శతాబ్దంలో ఐగుప్తులో ఆంతోని అనే యువకుడు ఉండేవాడు. తల్లిదండ్రులు చనిపోయి ఆరు నెలలు కూడా నిండలేదు. ఒకనాడు దేవాలయంలోకి అడుగుపెట్టేసరికి, ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి తనను వెంబడించమని ధనిక యువకునితో ప్రభువు చెప్పిన సువిశేష భాగం (మత్త. 19:21) చదువుతున్నారు. అది తన కోసమే చదివారని ఆంతోని నమ్మాడు. బయటకు వెళ్ళి తన పొలాలు పంచేశాడు. అతడే తరువాత మఠవాసులకు తండ్రి అయిన పునీత ఆంతోనిగారు. ఆ క్షణాన ఆయన చేతిలో ఫోను ఉండి, 'ఎంత చక్కని వాక్యం!' అని స్టేటస్ పెట్టి ఉంటే ఏమయ్యేది? వాక్యం నలుగురికి చేరేది. ఆంతోనికి చేరేదో లేదో! మనకు ఉద్దేశించిన వాక్యాన్ని వెంటనే ఇతరులకు పంపించేస్తే, చాలాసార్లు దాని నుంచి మనం తప్పించుకుంటున్నట్లే.

బోధకుల వంతు

తప్పంతా వినేవారి మీదే వేయడం సరికాదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలుగారు త్రోయలో అర్ధరాత్రి వరకు ప్రసంగించారు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రలోకి జారి మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. పౌలుగారు అతన్ని కోప్పడలేదు. కిందికి దిగి వెళ్ళి కౌగిలించుకున్నారు, ఆ యువకుడు బ్రతికాడు. మన ప్రసంగం నుంచి జారిపోయిన యువకుల పట్ల గురువుల వైఖరి కూడా ఇలా ఉండాలి. పోపు ఫ్రాన్సిస్‌గారు 2024 జూన్ 12న ప్రసంగం ఎనిమిది నిమిషాలకు మించకూడదని, ఆ పైన జనం నిద్రపోతారని, అందులో వారి తప్పు లేదని చెప్పారు. సిద్ధపడి, క్లుప్తంగా, తన హృదయంలో నుంచి మాట్లాడే గురువు ఎదుట ఫోన్లు చాలావరకు వాటంతట అవే జేబుల్లోకి వెళతాయి. గురువు కూడా బలిపీఠం దగ్గర తన ఫోను చూసుకోకపోవడం మంచి పాఠం.

ఆచరణలో ఏమి చేద్దాం?

1. గుడిలో అడుగుపెట్టేముందు ఫోనును పూర్తిగా ఆపండి. కనీసం మ్రోత, వణుకు రెండూ తీసేయండి. వైద్యులు, రోగులను ఇంట్లో ఉంచి వచ్చినవారు తలుపు దగ్గర కూర్చుని, అవసరమైతే బయటికి వెళ్ళి మాట్లాడండి.

2. ధ్యానకూటాలకు, శిక్షణ తరగతులకు చిన్న నోటు పుస్తకం తెచ్చుకోండి. అన్నీ రాయకండి. మిమ్మల్ని తాకిన ఒకటి రెండు మాటలు చాలు.

3. ఫోనులో బైబిలు చదివేవారు ముందుగా నెట్టు ఆపేసి చదవండి.

4. ప్రత్యక్ష ప్రసారానికి, ఫోటోలకు విచారణలో ఇద్దరిని నియమించండి. అగుస్తీనుగారి లేఖకుల వలె వారిది ఒక పరిచర్య. వారం వారం మనుషులను మార్చండి. లేకపోతే ఆ ఇద్దరు పిల్లలు ఏడాది పొడుగునా కెమెరానే చూస్తారు గాని, ప్రభువును చూడరు. మిగతావారు చేతులు దించండి.

5. పంచుకోవాలనుకుంటే ప్రసంగం ముగిశాక, ఇంటికి వెళ్ళాక పంచుకోండి. ముందు ఇంట్లో ఒకరికి నోటితో చెప్పి చూడండి. చెప్పగలిగితే విన్నట్లు. చెప్పలేకపోతే రాయడానికి ఇంకా సమయం రాలేదన్నమాట. అనుమానం ఉంటే గురువును అడిగి తెలుసుకోండి.

6. ఇదే నియమాన్ని భోజనాల దగ్గర కూడా పాటించండి. పరీక్ష తప్పిన కొడుకు, అత్తవారింట్లో బాధపడుతున్న కూతురు నోరు తెరిచి చెప్పడానికి పది రోజులు ధైర్యం కూడగట్టుకుని ఉండవచ్చు. ఆ సమయానికి మన కళ్ళు తెర మీద ఉంటే, 'తర్వాత చెబుతాలే' అని వారు లేచిపోతారు. ఆ 'తర్వాత' మళ్ళీ రాకపోవచ్చు. గుడిలో వినడం నేర్చుకోనివారు ఇంట్లోనూ వినలేరు; ఈ విషయంలో అసలు నష్టం ఇక్కడే ఉంది.

మీరు ఆలోచించుకోవడానికి

గత ఆదివారం ప్రసంగంలో ఒక్క మాటైనా నాకు గుర్తుందా? నేను పంపిన సందేశాలలో నేను ముందుగా ఆచరించినవి ఎన్ని? నా తెర వెలుగు పక్కవారి ప్రార్థనకు అడ్డు వచ్చిందా? నేను తల ఎత్తి వినాలని మా ఇంట్లో ఎదురుచూస్తున్నవారు ఎవరు?

ప్రియ పాఠకులారా, మార్కు సువిశేషం 7వ అధ్యాయంలో చెవిటి, నత్తివాడైన ఒక మనిషిని ప్రభువు దగ్గరకు తీసుకువచ్చారు. ప్రభువు అతన్ని జనసమూహం నుంచి పక్కకు తీసుకువెళ్ళారు. ముందు అతని చెవులలో వేళ్ళు పెట్టారు, ఆ తర్వాత నాలుకను తాకారు. ముందు చెవులు తెరుచుకున్నాయి, తర్వాత నాలుక సడలి అతడు స్పష్టంగా మాట్లాడాడు. జ్ఞానస్నాన సాంగ్యంలో గురువు శిశువు చెవులను, నోటిని తాకి ప్రార్థించే ఆచారం ఈ సువిశేష ఘట్టం నుంచే వచ్చింది. మనకు కూడా ఒకప్పుడు అదే ప్రార్థన చేశారు. ముందు చెవి, తర్వాత నోరు. ఈ వరుసను తారుమారు చేయకుండా ఉంటే, మన చేతిలోని ఫోను కూడా ప్రభువు పరిచర్యకు పనికివస్తుంది.

వచ్చే ఆదివారం ఒక్క పూజకు ప్రయత్నించి చూడండి. కొడుకును చూసి పరుగెత్తుకు వస్తున్న ఆ తండ్రి కథ మళ్ళీ చదివినప్పుడు, ఈసారి మనం తల ఎత్తి వినే కృపను ప్రభువు మనందరికీ దయచేయుదురు గాక!